పల్లమెరుగు

వాననీటి తూముని దత్తత తీసుకుంటే
దానికి పేరు పెట్టాలట.
మున్సిపల్ ఆఫీసులో కాగితం ఇచ్చారు.
ఐలీ కాంగస్, డెబ్బై ఆరేళ్లు, కొండవీధి మలుపు.
గడులన్నీ నింపి, కాసేపు కలం కొరికి
"వెర్న్" అని రాశాను.
కౌంటరు పిల్ల నవ్వింది.
అది మా ఆయన పేరని చెప్పలేదు.

మా ఊరు మిన్నెసోటాలో ఒక వాలు.
వాన ఏ కప్పు మీద పడ్డా
చివరికి చేరేది టామరాక్ సరస్సుకే.
ఖాళీ చేతులతో మాత్రం పోదు:
ప్రూయిట్ పచ్చిక మీది ఎరువు,
అతని కుక్క వదిలినది,
కుర్రాళ్లు కారు కడిగిన నురగ,
నవంబరులో ఆకులు,
జనవరి నుంచి ఉప్పు.
రోడ్డు మీద ఉప్పు చల్లకపోతే నా తుంటి విరుగుతుంది,
చల్లితే సరస్సు నాలుక మండుతుంది.
ఈ లెక్క నాకింకా తేలలేదు.

ఇనుప జాలీ కింద ఏముందనుకున్నాం ఇన్నేళ్లూ?
వడపోసే యంత్రమో, కాపలా మనిషో?
ఒక గొట్టం ఉంది, అంతే.
గొట్టం అవతల చేపలు.

ఎనభై మూడు, మే నెల.
పికప్ ట్రక్కు కింద వెర్న్.
బూట్లు మాత్రమే బయటికి.
"తొట్టి అందుకో" అన్నాడు.
అందుకున్నాను.
ఇంజన్ నూనె, నల్లగా, ఇంకా వెచ్చగా, అంచుదాకా.
పాలగిన్నె మోసినట్టు
రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి
వీధి వారకి నడిచి
జాలీలోకి వొంపాను.
ఒక్క చుక్క సిమెంటు మీద పడలేదు.
ఎంత శుభ్రమైన మనిషినో!

ఏటా రెండుసార్లు. పదకొండేళ్లు.
ఆ సాయంత్రాలే తువ్వాళ్లు భుజానేసుకుని
సరస్సుకి ఈతకి పోయేవాళ్లం.

నీరు పల్లమెరుగు.
నిజం దేవుడెరుగు అంటారు,
ఆయనతో పాటు నేనూ ఎరుగుదును.

ఇప్పుడు ఆగస్టు వస్తే ఒడ్డున పసుపు బోర్డు:
పిల్లల్ని, కుక్కల్ని దింపకండి.
నీళ్ల మీద పచ్చటి మీగడ.
చెరువు మీద మనం అలిగితే చెరువుకేం పోయింది గానీ
చెరువే మన మీద అలిగితే
ఎవరు పోయి బతిమాలాలి?

మొన్న రాత్రి ఉరుముల వాన.
రెయిన్‌కోటు కింద నైట్‌గౌనుతోనే పరిగెత్తాను,
పరుగంటే నా పరుగు.
చీలమండలు మునిగాక దంతెతో వెతికి
ఆఖరికి మోకాళ్ల మీద కూచుని చేత్తోనే లాగాను.
మేపుల్ ఆకుల ముద్ద,
పుట్టినరోజు బెలూను తోలు,
ఎవరిదో ఒంటి చేతిగ్లవుసు.
గుటకేసినట్టు చప్పుడు,
నీళ్లు సుడి తిరిగి దిగాయి.
అవతల ప్రూయిట్ వరండాలో దీపం వెలిగింది.
మనిషి రాలేదు.
దీపం మాత్రం నేను లేచేదాకా ఆర్పలేదు.

నెలాఖరున బరువు రాసి పంపాలి.
"పద్నాలుగు పౌన్లు" అని రాశాను.
తీసినదానికి గడి ఉంది
పోసినదానికి లేదు.
వెనక తిప్పి చూశాను, అక్కడా లేదు.

పక్కింటి పా న్యియా, తొమ్మిదేళ్లు,
జాలీ పక్కన సిమెంటు మీద నీలంరంగు చేప గీసింది.
తల కొండవైపు, తోక సరస్సువైపు.
"తిరగేసి వేశావే, నీళ్లు పోయేది అటు కదా" అన్నాను.
కుంచె తుడుచుకుంటూ
"పై నుంచి ఏమొస్తోందో చూడాలి కదా దానికి" అంది.

ఆ కుంచె కడగడానికి లేచింది.
వద్దు, ఇక్కడ కాదు, అన్నాను.
నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.
ఇంట్లోకి పిలిచి
వంటింటి సింకు చూపించాను.